పిడికి తోలు

(విజయదశమినాడు మన సంఘ భవనములో చేసిన ప్రసంగము. ఉగాది సంచిక కొరకు వ్రాసి యిచ్చినది.)



ఆయుధపూజ రోజున నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను కొంచెం వెనుకాడాను. ఈ వేదికమీద సాధారణంగా పండితులు మాట్లాడతారు. నేను మెట్రిక్యులేషనుతో చదువు ఆపి రైల్వేలో గుమాస్తాగా కుదురుకొన్నవాణ్ణి. అయితే ఆదివారాలలో నేను చేసే ఒక పని మీలో కొందరికి వింతగా తోస్తున్నదనీ, దాని సంగతే చెప్పమనీ ఆయన పట్టుబట్టారు. ఆ పని కత్తి పిడులకు తోలు చుట్టడము. కత్తి త్రిప్పడము నాకు రాదు. అది తెలిసినవారు ఈ సభలో ఉంటే, నేను చెప్పేదానిలో పొరపాట్లను మన్నించి వినాలి.

మన సంఘానికొక ఇనుప పెట్టె ఉన్నదని మీకందరికీ తెలుసు. కిరీటాలు, భుజకీర్తులు, గదలు, భీమునికీ హనుమంతునికీ ఉమ్మడిగా పనికివచ్చే ఒక గడ్డము, వీటితోబాటు పదకొండు కత్తులున్నవి. నాలుగు రేకువి. తక్కిన ఏడూ ఉక్కువి, వాదర మొద్దు చేసినవి. ఏ దేశపు కత్తులని అడిగితే చెప్పడం కష్టము. వంపు పారశీకము, అడ్డకమ్మి ఇంగ్లీషుది, చివర గుండు మన తిరునాళ్ళ బజారుది. ఏదైతేనేమి, పెద్దలు ఎన్నడో కొన్నారు, మనము వాడుకొంటున్నాము.

రెండేండ్ల క్రిందట బొబ్బిలి నాటకము రిహార్సలులో తాండ్ర పాపారాయుని చేతిలోని కత్తి జారి ఎగిరి హార్మోనియం మీద పడింది. హార్మోనియం వాయించే ఆయన ఆ క్షణాన కాఫీకి లేచి ఉండబట్టి సరిపోయింది. అందరూ నటుణ్ణి కోప్పడ్డారు. చేతికి చెమట పట్టిందని ఆయన అంటే, అసలు పాపారాయునికి చెమటలు పట్టాయా అని ఒకరు హాస్యమాడారు. 1757 జనవరి 24న బొబ్బిలికోట చుట్టూ బుస్సీ ఫిరంగులు మోహరించి ఉన్నప్పుడు ఎవరికి చెమట పట్టిందో మనకు తెలియదు గాని, మన నటునిది అబద్ధము కాదు. నేను ఆ కత్తిని తీసుకొని చూశాను. పిడిమీద రెక్సిను, దానిమీద కరెంటు పనివారి నల్ల టేపు. రెక్సిను అంటే పైన పూత పూసిన గుడ్డ. చెమటను అది పీల్చుకోదు. చేతికీ పిడికీ మధ్య చెమట నిలిచి నూనెలాగా పనిచేస్తుంది. టేపు వేడికి కరిగి జిగటగా అయి, ప్రక్కకు జరిగిపోతుంది. ఇక రెక్సిను విప్పితే క్రింద చెక్క నిలువుగా చీలి ఉన్నది. నాటకమునాడు ముందు వరుసలో ఎప్పుడూ కూర్చునేది మన పిల్లలు. అది తలచుకొన్నాక ఆ ఏడు కత్తుల పిడులూ సరిచేసే పని నేను పైన వేసుకొన్నాను.

మొదట అసలు పిడికి తోలెందుకో చూద్దాము. చాలామంది అలంకారానికనుకొంటారు. చెక్కపిడి ఒట్టిదైతే చెమటకు నాని, ఎండకు ఎండి, కొన్నాళ్ళకు చీలుతుంది. దానికి గట్టి దారము చుడితే చెక్క చీలకుండా పట్టీలాగా బిగించి ఉంచుతుంది. ఆ దారము ఊడకుండా, చేతికి గరుకు కాకుండా, చెమటను కొంచెం పీల్చుకొంటూ వ్రేళ్ళకు పట్టు ఇచ్చేది తోలు. చెక్క, దారము, తోలు మూడూ కలిసి ఒక్కటే అవయవము. తోలు ఒక్కటే మార్చి లోపలిది చూడకుండా వదిలితే, పుండుకు మందు వేయక కట్టు మార్చినట్లే.

ప్రపంచములో అన్ని కత్తులకూ తోలు పిడి లేదు. మన తల్వారు పిడి సాధారణంగా అంతా లోహమే. చివర పళ్ళెము వంటి బిళ్ళ, మధ్య చిన్న ఉబ్బు, ముందు అడ్డము. కత్తి తోకను అందులో దూర్చి లక్క వంటిది కరిగించి పోసి బిగిస్తారు. లోపల వ్రేళ్ళు ఒరుసుకోకుండా గుడ్డ మెత్త పెట్టడము కద్దు. జపానువారిది వేరొక పద్ధతి. చెక్కమీద తిరణి జాతి చేప చర్మము, ఆపైన పట్టు పట్టీ గాని తోలు పట్టీ గాని అల్లిక వేస్తారు. ఇంగ్లీషు సైన్యములో ఆఫీసర్ల కత్తులకు కూడ చాలావాటికి అటువంటి చేప చర్మమూ, దానిమీద మెలిపెట్టిన తీగా ఉండేవి. సిపాయి కత్తికి మాత్రము చెక్క, తోలు. మన నాటక కత్తుల పిడులు ఈ చివరి రకానికి నకళ్ళు.

ఆ రకములో పేరుపొందినది 1796 నాటి తేలికపాటి అశ్వదళపు కత్తి. దానిని రూపొందించినది జాన్ గాస్పార్డ్ లె మర్షాన్ అనే అధికారి. ఆయన 1812లో స్పెయిను దేశపు సలమంకా యుద్ధములో చనిపోయాడు. ఆ కత్తి పిడి చెక్కది, అడ్డముగా గాడులు తీర్చినది, పైన తోలు. వెనుకవైపున ఒక ఇనుప బద్ద పిడి పొడుగునా వస్తుంది. తరువాత పద్ధతులు మారినవి. 1853 నమూనాలో రెండు ప్రక్కలా దళసరి తోలు బిళ్ళలనే రివెట్లతో బిగించారు.

ఇక్కడ మన దక్కనుకు సంబంధించిన ఒక ముచ్చట చెప్పాలి. కెప్టెన్ లూయీ నోలన్ అని ఒక ఆశ్విక సేనాధికారి ఉండేవాడు. ఇంగ్లీషు చరిత్ర చదివినవారికి ఆయన 1854 అక్టోబరు 25న బలక్లావాలో మరణించిన మనిషిగా తెలుసు. అంతకుముందు ఆయన మద్రాసు రాజధానిలో ఉద్యోగము చేశాడు. 1853లో అచ్చయిన తన అశ్వదళ గ్రంథములో నైజాము రౌతుల కత్తులను గురించి వ్రాశాడు. ఒక పోరులో వారి కత్తులు చేసిన గాయాల సంగతి తెలిసి ఆశ్చర్యపడి, ఇవి ఏ ఉక్కువో అని చూస్తే, అవి ఇంగ్లీషు సైన్యము పనికిరావని పారవేసిన పాత అలుగులేనట. మనవారు వాటి పిడులు ఊడదీసి తమ పద్ధతి పిడులు పెట్టుకొన్నారు. వాదరను మంగలి కత్తిలాగా పదును చేసి చెక్క ఒరలో ఉంచుకొన్నారు. ఇనుప ఒరలో పెట్టి తీస్తుంటే పదును చస్తుందని వారికి తెలుసు.

నన్ను ఆకర్షించినది వారు పిడి మార్చడము. ఆ పిడి సన్ననిది, కొంచెం బల్లపరుపుగా ఉండేది, తమ దేశపు పిడిలాగా గుండ్రము కాదని నోలన్ గమనించాడు. గుండ్రని పిడి పట్టుకొంటే వాదర ఎటు ఉన్నదో చేతికి తెలియదు. వేసిన వేటు బద్దగా తగులుతుంది. బల్లపరుపుగా ఉన్న పిడి చేతికి తానే చెబుతుంది. మన ఇంట్లో కత్తిపీట, కొడవలి, గొడ్డలి చూడండి. గొడ్డలి కామ ఎప్పుడైనా గుండ్రంగా ఉంటుందా? ఒకే అలుగు, పిడి మారితే వేరే కత్తి అయింది.

ఈ సంగతి తోలు చుట్టేవానికి చాలా ముఖ్యము. ఎందుకంటే పొర వేసినకొద్దీ పిడి గుండ్రమవుతుంది. చెక్క వెడల్పు 30 మిల్లీమీటర్లు, మందము 20 అనుకోండి. వెడల్పు మందానికి ఒకటిన్నర రెట్లు. దానిమీద ఒకటిన్నర మిల్లీమీటర్ల దారము, ఒక మిల్లీమీటరు తోలు వేస్తే రెండువైపులా కలిపి 5 మిల్లీమీటర్లు పెరిగి, 35కు 25 అవుతుంది. ఒకటిన్నర కాస్తా 1.4 అయింది. ఎవరైనా మెత్తగా ఉండాలని ఇంకొక పొర వేస్తే రోకలిబండ తయారవుతుంది. అందుచేత చెక్కను మొదటనే చేతికి చాలినదానికంటె సన్నముగా, బల్లపరుపుగా చెక్కుకోవాలి. మన ఏడు కత్తులలో నాలుగింటికి నేను చేసినది ఇదే. పాత చెక్క తీసివేసి, రెండు బద్దలుగా కొత్తది చేయించి, లోపల ఇనుప తోక ఇమిడేటట్లు తొలిపించాను. వడ్రంగము నాది కాదు, మన వర్క్‌షాపులో పనిచేసి రిటైరయిన ఒక పెద్దమనిషిది.

ఇక తోలు సంగతి. మనముండే ఈ లైను మీదనే వాణియంబాడి, ఆంబూరు ఉన్నవి. వాలాజా రోడ్డు ప్రక్కన రాణిపేట ఉన్నది. దేశములో తోలు పనికి పేరుపొందిన ఊళ్ళు. రైలు కిటికీలోనుంచి వాసన వస్తే ముక్కు మూసుకోవడము తప్ప మనకు ఆ పనితో సంబంధము లేదనుకొంటాము. మద్రాసులో పెరియమేటు బజారుకు పోతే ఏ రకము తోలైనా దొరుకుతుంది. అక్కడ మొదటిసారి పోయినవాడు రంగు చూసి కొంటాడు. అడగవలసినది రంగు కాదు, దేనితో పదును చేశారని.

తోలు పదును చేయడము ముఖ్యముగా రెండు విధాలు. చెట్ల బెరడు, కాయల రసముతో చేసేది మన పాత పద్ధతి. ఈ తమిళదేశములో దానికి ముఖ్యముగా వాడినది ఆవారం చెట్టు బెరడు. ఆవారమంటే మరేమీ కాదు, మన తంగేడు. తెలంగాణములో బతుకమ్మకు పేర్చే పసుపుపచ్చని పువ్వు చెట్టు. పువ్వు దేవతకు పోతుంది, బెరడు తోలు గుంటకు పోతుంది. కరక్కాయ కూడ వేస్తారు. తంగేడు చాలక తరువాత తరువాత విదేశపు తుమ్మజాతి బెరడు సారము వాడుకలోకి వచ్చింది. తిరుచిరాపల్లి, దిండిగల్లు ప్రాంతాలలో ఈ బెరడు తోలు పనికి ఇంకను పేరున్నది. రెండవది క్రోమియము లవణములతో చేసేది. మద్రాసులో ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ దొరగారు దీనిని ప్రవేశపెట్టడానికి పాటుపడ్డారు. బెరడు పద్ధతికి వారాలు పట్టేది క్రోమియముతో కొద్దిరోజులలో ముగుస్తుంది. ఆ తొందరకు పాలారు ఏమి మూల్యము చెల్లించిందో ఇక్కడివారికి నేను చెప్పనవసరము లేదు. 1996లో సుప్రీముకోర్టు వెల్లూరు పౌరుల వ్యాజ్యములో తీర్పు చెప్పవలసివచ్చింది.

కత్తిపిడికి పనికివచ్చేది బెరడు తోలే. కారణము చెబుతాను. బెరడు తోలు తడిస్తే మెత్తబడి, దేనిమీద పెడితే దాని ఆకారము పట్టుకొని, ఎండినాక అట్లానే నిలుస్తుంది. క్రోమియము తోలు రబ్బరులాగా మళ్ళీ తన ఆకారానికి పోతుంది. దానితో బూట్లు బాగుంటాయి. పిడికి చుడితే గాడులలోనుంచి పైకి లేచి బుడగలు కడుతుంది. గుర్తుపట్టడము సులభము. కోసిన అంచు చూడండి. లోపల నీలి బూడిదరంగు కనిపిస్తే క్రోమియము, లేత గోధుమరంగుంటే బెరడు. చుక్క నీళ్ళు వేస్తే బెరడు తోలు పీల్చుకొని నల్లబడుతుంది. తడిచోట గోటితో నొక్కితే గుర్తు పోదు.

ఈ మాటలు నేను పుస్తకములో చదివినవి కావు. స్టేషను బయట చెప్పులు కుట్టే పెద్దాయన ఒకరున్నారు. మీరందరూ ఆయన దగ్గర ఎన్నడో ఒకనాడు ఒంటికాలిమీద నిలబడ్డవారే. మొదట నేను తమిళములో అడిగాను. ఆయన తెలుగులో జవాబు చెప్పాడు. "తోలుకు వెన్ను ఉంటుంది, కడుపు ఉంటుంది సారూ. ఏ పక్క కోసినారో అడక్కుండా కొంటే ఎట్లా?" అన్నాడు. ఆ తెలుగులో మన ఇండ్లలో మరచిపోయిన మాటలు కూడ ఉన్నవి. చెప్పులు కుట్టేవారు తోలు కోసే కత్తిని ఆయన రంపె అంటాడు. కుట్టు రంధ్రము చేసేది ఆరె. మా పిల్లలకు ఆ రెండు మాటలూ తెలియవు, నాకూ అంతకుముందు తెలియవు.

తమిళనాట అరుంధతీయులనబడే వారిలో చాలామంది ఇండ్లలో మాట్లాడేది తెలుగే. మనలాగానే తరతరాల క్రిందట వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. ఈ రాష్ట్ర ప్రభుత్వము వారికోసము 2009లో ప్రత్యేకముగా చట్టము చేసింది. మన పెండ్లిండ్లలో పురోహితుడు వధూవరులను బయటికి తీసుకొనిపోయి ఆకాశములో చూపించే నక్షత్రము పేరే వారి పేరు. అరుంధతి మాతంగ కన్య అని మన ఐతిహ్యము. నక్షత్రాన్ని తల ఎత్తి చూస్తాము. ఆ పేరు పెట్టుకొన్న మనిషి ఎదుట కూర్చుని ఉంటే తల త్రిప్పుకొంటాము. ఈ రోజు కత్తికి కుంకుమ పెట్టాము, మంచిదే. మనవారు కోనసముద్రపు ఉక్కును గురించి గర్వముగా చెప్పుకొంటారు. నిజామాబాదు జిల్లాలోని ఆ ఊరి ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనుక్కొని పోయారన్నది నిజమే, గర్వించదగినదే. పిడి చుట్టినవాని ఊరు మాత్రము ఏ గ్రంథములోనూ కనబడదు. నేను తోలు పని నేర్చుకొంటున్నానని తెలిసి మా బంధువులలో ఒకరు, "రైల్వే ఉద్యోగము ఉండగా నీకీ పనేమి?" అని అడిగారు. పనిని అడిగారో, పనివారిని అడిగారో నాకు తెలిసింది. నేను జవాబు చెప్పలేదు, ఆ ఆదివారము కూడ పెద్దాయన దగ్గరకు పోయాను.

ఇక పని చేసే విధానము. మేకతోలు మంచిది. ఒక మిల్లీమీటరుకు మించిన మందము వద్దు. వెన్ను దగ్గరి ముక్క తీసుకోవాలి. కడుపు దగ్గరిది వదులుగా ఉండి సాగిపోతుంది. వెన్నెముక వెంబడి తోలు తక్కువ సాగుతుంది, అడ్డముగా ఎక్కువ సాగుతుంది. కనుక పిడి పొడుగు వెన్ను వెంబడి వచ్చేటట్లు, చుట్టుకొలత అడ్డముగా వచ్చేటట్లు కోసుకొంటే చుట్టేటప్పుడు లాగి బిగించడానికి వీలవుతుంది.

చెక్కకు ముందుగా పురికొస చుట్టాలి. జిగురు రాసి, వరుస ప్రక్క వరుసగా, సందు లేకుండా. నేను వాడేది వడ్రంగులు వజ్రమనే జిగురు. పశువుల చర్మమునుంచి తీసినదే. నేరుగా మంటమీద పెట్టకూడదు. నీళ్ళగిన్నెలో మరొక గిన్నె పెట్టి కరిగించాలి. ఇంట్లో ఆడవారు ఆ వాసనకు ఒప్పుకోకపోతే తెల్లని ఫెవికాలు కూడ పనిచేస్తుంది. అయితే వజ్రానికొక గుణమున్నది. రేపు ఎవరైనా విప్పదలిస్తే వెచ్చని తడిగుడ్డ వేస్తే లొంగుతుంది. మనము చేసిన పని తరువాతివాడు విప్పగలగాలి గదా. పొరలు పొరలుగా దారము చుట్టినాక, గాడులు కావలసినచోట ఇంకొక లావు దారము మూడు నాలుగు చోట్ల ఉంగరములాగా చుట్టాలి. వ్రేళ్ళు ఆనేది అక్కడనే.

తరువాత కాగితము చుట్టి కొలత తీసుకోవాలి. ఇందాక చెప్పిన పిడికి దారము చుట్టినాక చుట్టుకొలత సుమారు 9 సెంటీమీటర్లు వస్తుంది. తోలును 9½ వరకు కోసుకొని, రెండు అంచులూ రంపెతో లోపలివైపున చెక్కి కాగితమంత పలుచన చేయాలి. ఈ చెక్కడములోనే పనితనమంతా ఉన్నది. పెద్దాయన రాతిమీద తోలు పరచి, రంపెను దాదాపు పడుకోబెట్టి ఒక్క త్రోపు త్రోస్తే ఉల్లిపొర వంటిది లేస్తుంది. నా చేతిలో ఇప్పటికీ మెట్లు మెట్లుగా వస్తుంది. అంచులు పలుచనైతే ఒకదానిమీద ఒకటి వేసినా ఎత్తు తెలియదు. అతుకు ఎటు ఉండాలనేది ఒక ప్రశ్న. కత్తిని నడుముకు కట్టుకొన్నప్పుడు ఒంటివైపు ఉండే ప్రక్కన నేను పెడతాను. చూసేవారికి కనబడదు. కొందరు అతుకును జిగురుకు వదలక సూదితో కుడతారు. ఎక్కువగా వాడే కత్తికి కుట్టే నమ్మకము.

కోసిన తోలును పది నిమిషాలు చల్లని నీళ్ళలో నానవేయాలి. తొందరపడి వేడినీళ్ళలో వేసేవారున్నారు. అప్పుడు తోలు అప్పడము కాలినట్లు ముడుచుకొని గట్టిపడుతుంది, ఇక దేనికీ పనికిరాదు. నానిన తోలును గుడ్డతో అద్ది, లోపల జిగురు పూసి, పిడిమీద పెట్టి లాగి చుట్టాలి. తోలు పచ్చిగా ఉన్నంతసేపు ఇనుము తగలకుండా చూసుకోవాలి. మన పెద్దలు కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి సిరా చేసుకొనేవారు గుర్తుందా? బెరడు తోలులోనూ ఆ కషాయగుణమే ఉన్నది. తడిగా ఉండగా ఇనుము తగిలితే అక్కడ సిరా పుడుతుంది. ఆ మచ్చ ఇక పోదు. అడ్డకమ్మికి, పిడి చివర గుండుకు ముందుగా మైనపు కాగితము చుట్టుకొంటే సరి.

ఇప్పుడు పైనుంచి మళ్ళీ దారముతో కట్టు కట్టాలి. నడుమనుంచి మొదలుపెట్టి రెండు కొనలవైపుకూ గట్టిగా, ఉంగరముల ప్రక్కనే గాడిలో పడేటట్లు చుట్టాలి. తోలు ఆ గాడులలోకి దిగి అతుక్కొంటుంది. ఒక పగలు ఒక రాత్రి నీడలో ఉంచి, తరువాత కట్టు విప్పితే, లోపలి దారపు వరసలు తోలుమీద సన్నగా తేలి కనబడతాయి. మొదటిసారి అట్లా విప్పి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంక్రిమెంటు వచ్చిననాడు కూడ కలుగలేదు. ఎండలో పెట్టవద్దు, పగులుతుంది. పూర్తిగా ఆరినాక రంగు వేసుకోవచ్చు. ఆపైన తేనెమైనము కొంచెం వ్రేలితో రుద్ది గుడ్డతో తుడిస్తే చాలు. ఆముదము ఒక చుక్క మించకూడదు. నూనె ఎక్కువైతే మళ్ళీ హార్మోనియం సంగతి గుర్తు చేసుకోవలసివస్తుంది.

ఈ పని నేను చేస్తానని తెలిసి మన సభ్యులలో ఒకరు తమ ఇంటి కత్తిని తెచ్చారు. తాతముత్తాతల నాటిది. పిడిమీద తోలు సగము పోయింది, సగము మిగిలింది. కొత్త తోలు వేసి పండుగకు ఇవ్వమన్నారు. నేను వేయలేదు. వారు నొచ్చుకొన్నారని తెలుసు. వారు ఈ సభలోనే ఉన్నారు గనుక కారణము నలుగురి ఎదుటా చెబుతాను. మిగిలిన ఆ సగము తోలు క్రింద ఆనాటి దారము ఉన్నది. ఎన్ని వరుసలు చుట్టారో, కుట్టారో అతికించారో, ఏ తోలో, ఎవరి చెయ్యి ఎట్లా నడిచిందో అంతా అందులో ఉన్నది. పేరు వ్రాయని పనివాని దస్తకతు అదొక్కటే. ఊడదీసి పారవేస్తే మళ్ళీ రాదు. మన ఆఫీసులో పాత రిజిస్టర్ల తోలు అట్టలు పట్టుకొంటే చేతికి ఎర్రని పొడి అంటుతుంది. బెరడు తోలు గాలిలోని ఆమ్లమునకు ముసలిదై అట్లా అవుతుంది. ఆ కత్తి తోలు కూడ అదే స్థితిలో ఉన్నది. దానికి నూనె పూయకూడదు, తడి తగలకూడదు. మెత్తని నూలుగుడ్డ వదులుగా చుట్టి ఉంచమని చెప్పాను. ఇంకొక మాట, ఎప్పుడూ తోలు ఒరలోనే పెట్టి ఉంచవద్దు. ఒరలో చెమ్మ నిలిచి అలుగు తుప్పు పడుతుంది. వేరుగా ఉంచండి.

ఉన్న తోలును కాపాడటము ఒక పని, లేనిచోట కొత్తది వేయడము ఇంకొక పని. మన నాటక కత్తుల మీద ఉన్నది రెక్సిను గనుక నాకు ఏ సంకోచమూ కలుగలేదు.

ఇళ్ళలో కత్తులున్నవారికి చట్టము సంగతి కూడ రెండు మాటలలో చెబుతాను. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన ఇటువంటి వస్తువు పురావస్తువు కాగలదు. దానిని దేశము దాటించకూడదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి జ్ఞాపకార్థము పంపుదామనుకొనేవారు ఇది గుర్తుంచుకోవాలి. 1959 నాటి ఆయుధాల చట్టములో కత్తులూ చేరినవే. ప్రభుత్వము ప్రకటించిన ప్రాంతాలలో వాటికి లైసెన్సు కావాలి. మీ ప్రాంతము సంగతి పోలీసు స్టేషనులో కనుక్కోవడము మేలు. మన పెట్టెలోనివి మొద్దువి, నాటకానివి. అయినా ఊరేగింపులో పట్టుకొని తిరగడానికి పిల్లలకు ఇవ్వవద్దని కార్యవర్గమువారికి నా మనవి.

కార్యవర్గమువారికే ఇంకొక మనవి కూడ ఉన్నది. ఉగాదికి మనము మళ్ళీ బొబ్బిలి వేస్తున్నాము. కరపత్రములో హార్మోనియం ఎవరిదో, మేకప్పు ఎవరిదో, తెర ఎవరు ఇచ్చారో అన్నీ అచ్చువేస్తాము. ఈసారి కత్తుల పిడులు ఎవరు చేశారో కూడ వేయాలి. నా పేరు వద్దు. నేను దారము పట్టుకొన్నవాణ్ణి మాత్రమే. అంచులు చెక్కినది ఆ పెద్దాయన. పేరు వేసేముందు ఆయన అనుమతి తీసుకొన్నాను. ఆయన కొంతసేపు ఆలోచించి, "తెలుగులో వేస్తారా సారూ, అరవంలోనా?" అని అడిగాడు. తెలుగులోనే అని మాట ఇచ్చాను. కూలి తీసుకోనన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఏడు పిడులకూ అయిన లెక్క కోశాధికారిగారికి ఇచ్చాను. నాటకమునాడు ఆయనకూ, వారి ఇంటివారికీ ముందు వరుసలలో నాలుగు కుర్చీలు కావాలి. ఈ హాలు ఎదురుగా ముప్ఫై ఏండ్లుగా కూర్చుంటున్నా లోపలికి ఎన్నడూ రాలేదట. తెలుగు నాటకమంటే ఇష్టమేనట. బయటనుంచి పద్యాలు విన్నానని, పాపారాయుని పాత్ర వేసే ఆయన రాగము ఎక్కువ లాగుతాడని కూడ అన్నాడు.

ఏడింటిలో ఆరు పిడులు పూర్తి అయినవి. అవి ఆ బల్లమీద ఉన్నవి, పట్టుకొని చూడవచ్చు. ఏడవదానికి పురికొస చుట్టి ఉంచాను. తోలు ఇప్పుడు నీళ్ళలో నానుతున్నది, నేను మాట్లాడటము మొదలుపెట్టకముందే వేశాను గనుక పది నిమిషాలు ఎప్పుడో దాటినవి. ప్రసాదము పంచేలోగా వెనుక వరండాలో దానిని చుట్టబోతున్నాము. పెద్దాయన రంపె తీసుకొని వచ్చి అక్కడ కూర్చుని ఉన్నారు. చేతులు తడి చేసుకోవడానికి అభ్యంతరము లేనివారు రండి. కట్టు బిగించేటప్పుడు దారము రెండవ కొన లాగి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.